ఆగిపోవడం నేర్చుకున్న బండి

మార్చి 4, మంగళవారం

మోకాలి డాక్టరుకి నా మీద ఏదో పాత పగ ఉండి ఉండాలి. ఎక్స్‌రే ఫిల్మును లైటుకి ఎదురుగా పెట్టి, "ఎడమ మోకాలు పూర్తిగా అరిగిపోయిందండీ. కుడిది మాత్రం కుర్రాడి కాలులా ఉంది. ఒక్క కాలే ఇంతలా ఎలా అరిగింది? ఏం చేస్తుంటారు?" అన్నాడు.

డ్రైవింగ్ నేర్పుతానని చెప్పాను. నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుంటానని, నా కాళ్ళ దగ్గర కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉంటాయని, వాళ్ళు క్లచ్చు గబుక్కున వదిలెయ్యబోతే నేను నా వైపుది తొక్కి బండి ఆగిపోకుండా కాస్తానని ఓపిగ్గా వివరించాను. నా స్కూలు పెట్టింది మొదలు ఇవాళ్టి వరకు నడిరోడ్డు మీద నా బండి ఆగింది లేదని, బోర్డు మీద కూడా 'మా బండి ఆగదు' అనే రాయించానని చెప్పాను. మెచ్చుకుంటాడనుకున్నాను.

"ఇక క్లచ్చు ముట్టుకున్నారంటే ఆపరేషనే" అన్నాడు.

నేను ఇంటికొచ్చేసరికి ఆ వార్త నాకంటే ముందే వచ్చి సోఫాలో కాలు మీద కాలేసుకుని కూర్చుంది, మా బావమరిది రూపంలో. వాడికి టైల్స్ కొట్టుంది. "ఇంకెందుకు బావా ఈ తిప్పలు? వచ్చి నా కౌంటర్ దగ్గర కూర్చో. కాలు కదపక్కర్లేదు. నీ కోసం కుర్చీ కూడా చూసి పెట్టా. గుండ్రంగా తిరుగుతుంది."

ఇన్నేళ్ళు ఊరంతా తిరిగినవాణ్ణి, ఇప్పుడు కుర్చీలో తిరగాలట.

మార్చి 5

టైల్స్. నేను. టైల్స్.

మార్చి 6

నా దగ్గర నేర్చుకునే నర్సమ్మ లైసెన్సు టెస్టులో మళ్ళీ ఫెయిలయింది. ఇది మూడోసారి. నా దగ్గర నేర్చుకునేటప్పుడు ఒక్కనాడు బండి ఆగలేదు. అక్కడ టెస్టులో ఎత్తు ఎక్కించమనగానే బండి టక్కున ఆగిపోయిందట, ఈవిడ స్టీరింగు పట్టుకుని బొమ్మలా ఉండిపోయిందట. లైసెన్సు అధికారిని చూస్తే భయం పాపం. మనిషి భయపడితే మాస్టారు మాత్రం ఏం చేస్తాడు?

ఆవిడ పనిచేసే ఆసుపత్రి వాళ్ళు ఊరి చివరి వాడలకి మందులు తీసుకెళ్ళడానికి ఒక వ్యాను కొన్నారు. అది నడిపే పని ఈవిడకిస్తామన్నారు. ఇంకోసారి ఫెయిలైతే వేరే వాళ్ళకి ఇచ్చేస్తారు. పాసైతే మాత్రం మిగతా నర్సుల్ని కూడా బ్యాచీ కట్టి నా స్కూలుకే పంపుతారట. అలా పంపితే నేను బతికిపోయినట్టే. పంపకపోతే గుండ్రంగా తిరిగే కుర్చీ ఉండనే ఉంది.

"మళ్ళీ మొదలుపెడదాం మాస్టారూ" అంది కళ్ళు తుడుచుకుంటూ.

నా మోకాలి సంగతి ఆవిడకి చెప్పలేదు. చిన్న రిపేరు ఉంది, బండి షెడ్డుకి పంపాలి అన్నాను. అది అబద్ధమే, అయినా నా మోకాలూ ఆ బండిలో భాగమే కాబట్టి తప్పు లేదు.

మార్చి 8

దొరికింది! దొరికిందోయ్!

మా తోడల్లుడు లిఫ్టు మెకానిక్కు. పెళ్ళినాటి నుంచి మా ఇద్దరికీ ఒకటే పోటీ, మామగారింట్లో కాఫీ ముందు ఎవరి చేతికి ఇస్తారని. అలాంటివాడు ఇవాళ పరామర్శకి వచ్చి, నా మోకాలు చూసి, ఎక్స్‌రే చూసి, ఆఖరికి నా బండి చూసి అన్నాడు: "మోటారుకి క్లచ్చెందుకు తమ్ముడూ? మా లిఫ్టుకి క్లచ్చుందా? బటన్ నొక్కితే లేస్తుంది, నొక్కకపోతే బుద్ధిగా కూర్చుంటుంది. నీ బండిలో ఇంజను పీకేసి మోటారు పెట్టుకో. బ్యాటరీలు పేర్చుకో. నీ మోకాలికి పెన్షన్ ఇచ్చెయ్."

కౌగిలించుకున్నాను. ఇన్నేళ్ళలో మొదటిసారి. ఇద్దరికీ ఇబ్బందిగానే ఉండింది.

ఇద్దరం కూర్చుని లెక్క చూశాం. ఉన్న బండిని కరెంటు బండిగా మార్చుకున్నవాళ్ళందరిదీ ఒకటే ఏడుపట, దూరం పోదని. అయ్యా, నా బండి ఎప్పుడు దూరం పోయింది? పొద్దున్నుంచి సాయంత్రం దాకా అవే నాలుగు వీధులు, అదే మైదానం, అదే మలుపు. ఎద్దుబండిలా మెల్లగా పోతుంది, అడుగడుక్కీ ఆపాల్సి వస్తుంది. ఆపినప్పుడు పెట్రోలు బండి ఊరికే తాగుతుంది, కరెంటు బండి అయితే నోరు మూసుకుని ఉంటుంది. మధ్యాహ్నం నేను భోజనం చేసేటప్పుడు అదీ చేస్తుంది. లోకంలో కరెంటు బండి ఎవరి కోసమైనా పుట్టిందంటే అది డ్రైవింగ్ మాస్టారి కోసమే!

మార్చి 9

పొద్దున్నే మా ఆవిడకి అంతా బోధించాను. మోటారు, బ్యాటరీ, ఛార్జింగు, పొగ లేకపోవడం, చప్పుడు లేకపోవడం. ఆవిడ ఆరిన బట్టలు మడతపెడుతూ విన్నది.

"అంతా బాగానే ఉందండీ. మరి క్లచ్చో?"

"క్లచ్చే ఉండదే పిచ్చిదానా!"

"అదే అడుగుతున్నాను."

"అదే చెప్తున్నాను!"

మడతలన్నీ ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఈవిడకి యంత్రాల సంగతి ఎక్కదు. పోనీలే.

మార్చి 15

మా తోడల్లుడి షెడ్డులో ఇంజను బయటికొచ్చింది. గొలుసు కట్టి, కప్పీ మీద లాగితే, నూనె కారుతూ నల్లగా ఊగుతూ పైకి లేచింది. దాని వెనకే రేడియేటరు, సైలెన్సరు, పెట్రోలు ట్యాంకు. ఖాళీ పొట్టతో నిలబడ్డ నా బండి మీద చెయ్యేసి నిమిరాను. దానితో ఎంతమందికి నేర్పానో. ఎందరు దాని స్టీరింగు పట్టుకుని ఏడ్చారో.

అంతలో మా తోడల్లుడు నా వైపున్న క్లచ్చు పెడలు ఊడదీసి నా చేతిలో పెట్టాడు. "ఇదిగో నీ శత్రువు." ఇద్దరం పిల్లల్లా నవ్వుకున్నాం. తర్వాత డ్రైవరు వైపుది కూడా ఊడదీశాం. దాన్ని మూలకి విసిరితే టంగుమని మోగింది. ఎంత హాయిగా ఉందో ఆ మోత!

మార్చి 23

గోదాముల్లో సరుకు ఎత్తే బండి మోటారు ఒకటి దొరికింది. గేరుబాక్సు పాతదే ఉంచాం. ఆ రెంటినీ కలిపే ఇనుప పళ్ళెం దగ్గరే పేచీ అంతా. వెంట్రుకవాసి తేడా వచ్చినా మోటారు గీ పెడుతుంది. లేత్ మిషన్ ఆయన దగ్గరికి మూడుసార్లు తిరిగాం. ఆయన మూడోసారి, "మీరిద్దరూ అన్నదమ్ములా?" అని అడిగాడు. ఇద్దరం ఒకేసారి కాదన్నాం.

బ్యాటరీలు సగం ముందు, సగం డిక్కీలో సర్దాం. డిక్కీ బరువుకి బండి వెనక్కి కూర్చుంది, ముక్కు ఆకాశంలోకి లేచింది. వెనక స్ప్రింగులు మార్చాక గాని దాని పొగరు అణగలేదు. డిక్కీలో ఇక కూరగాయల సంచి కూడా పట్టదు. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు. డబ్బు సంగతి ఇక్కడ రాయను, ఆవిడ ఈ పుస్తకం చూడదన్న నమ్మకం నాకు లేదు.

ఏప్రిల్ 2

నడిచింది!!

చప్పుడు లేదు. ఏమీ లేదు. యాక్సిలరేటరు మీద కాలు ఆనించగానే నేల వెనక్కి జరిగిపోయింది. కూర్చున్న చోటే నవ్వొచ్చేసింది. మా తోడల్లుడు పక్కన పరిగెడుతూ "ఓవర్‌లోడు లేదు! ఓవర్‌లోడు లేదు!" అని అరుస్తున్నాడు.

బ్రేకు కూడా లేదని తర్వాత తెలిసింది. ఉంది గాని, రాయిలా ఉంది. రెండు కాళ్ళూ పెట్టి తొక్కినా దిగలేదు. బండి మా తోడల్లుడి పెరట్లోకి దూసుకెళ్ళి, వాళ్ళావిడ, అదే మా వదినగారు, ఆరేసిన దుప్పట్లన్నీ చుట్టుకుని, అట్టపెట్టెల గుట్టలో తల పెట్టి ఆగింది. దుప్పట్లోంచి నేను బయటపడేసరికి మా వదినగారు చీపురు పట్టుకుని నిలబడి ఉంది. మా తోడల్లుడు అప్పటికే షెడ్డులో లేడు.

ఏప్రిల్ 3

బ్రేకు మెత్తగా దిగడానికి సాయం చేసే గాలి పీల్పు ఇంజను నుంచి వస్తుందట. ఇంజను పోతే అదీ పోయింది. జీవితమంతా బ్రేకు తొక్కుతూ బతికాను, దాని వెనక ఎవరు లాగుతున్నారో నాకు తెలీదు. మా తోడల్లుడు అసలు కారు నడిపిందే లేదు, సైకిలు తప్ప. దాని కోసం చిన్న పంపు ఒకటి వేరే దొరుకుతుంది. తెచ్చి పెట్టాం. బ్రేకు ఇప్పుడు వెన్నలా ఉంది.

దుప్పట్లు నేనే ఉతికాను.

ఏప్రిల్ 15

మార్చిన బండికి అనుమతి కాగితం వచ్చింది. పరీక్షించినాయన బానెట్ ఎత్తి, లోపల చూసి, మళ్ళీ నా మొహం చూసి, "ఏ కంపెనీ?" అన్నాడు. "తోడల్లుళ్ళ కంపెనీ" అన్నాడు మావాడు. ఆయన నవ్వలేదు గాని ముద్ర వేశాడు.

రేపటి నుంచి స్కూలు మొదలు. మా బావమరిదికి ఫోన్ చేసి కుర్చీ ఎవరికైనా ఇచ్చేసుకోమన్నాను. గాల్లో తేలుతున్నాను. నా మోకాలు కూడా తేలుతోంది.

ఏప్రిల్ 16

నర్సమ్మ మొదటి పాఠం. నా జన్మలో అంత చక్కటి పాఠం చెప్పలేదు. కుదుపు లేదు, ఆగడం లేదు, హంసలా నడిపించింది. ఎత్తు ఎక్కించమంటే నవ్వుతూ ఎక్కించింది. నేను చేతులు కట్టుకుని దర్జాగా కూర్చున్నాను. నవ్విన నాపచేనే పండిందని మనసులో అనుకున్నాను.

పాఠం అయ్యాక దిగుతూ, మొహమాటంగా అడిగింది: "చాలా బావుంది మాస్టారూ. కానీ మా ఆసుపత్రి వ్యానులో క్లచ్చు ఉంటుంది కదా?"

ఏప్రిల్ 17

క్లచ్చు.

ఏప్రిల్ 18

క్లచ్చు నేర్పే మాస్టారు క్లచ్చు పీకేసుకున్నాడు. ఈ మాట ఎవరైనా నాకు చెబితే కడుపు పట్టుకుని నవ్వేవాణ్ణి. కరెంటు బండి మీద నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నా గేరు వ్యాను నడపడం రాదు. ఎవడికి కావాలి ఆ లైసెన్సు? నా దగ్గరికి వచ్చేవాళ్ళంతా వచ్చేదే క్లచ్చు కోసం. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికిన వెర్రిమేళం కాదు నేను. ఉన్న పిల్లాణ్ణి కిందకి దింపి, చేతులు ఖాళీ అయ్యాయని చప్పట్లు కొట్టిన వెర్రిమేళం.

"మొదటి రోజే అడిగాను కదండీ" అంది మా ఆవిడ. గట్టిగా కూడా అనలేదు. గట్టిగా అని ఉంటే కనీసం పోట్లాడేవాణ్ణి.

కుర్చీ రానే వచ్చింది. మా బావమరిది దాన్ని మా ఇంటికే పంపాడు, ఇప్పట్నుంచే అలవాటు చేసుకోమని. హాల్లో పెట్టాను. కూర్చోలేదు.

ఏప్రిల్ 19

కూర్చున్నాను. నిజంగానే గుండ్రంగా తిరుగుతుంది. సుఖంగా ఉంది. నాకు ఏడుపొచ్చింది.

ఏప్రిల్ 20

మా తోడల్లుడు వచ్చాడు. తప్పు తనది కూడా అని ఒప్పుకోవడానికి వచ్చాడనుకున్నాను. ఆ జోలికే పోలేదు. కుర్చీలో ఒక చుట్టు తిరిగి, ఆగి, అడిగాడు: "క్లచ్చు సరిగ్గా వదలకపోతే ఏమవుతుంది తమ్ముడూ?"

"బండి ఎగిరిపడి ఆగిపోతుంది."

"అంటే నీకిప్పుడు కావలసింది బండి ఆగిపోవడం."

"అవును."

"లిఫ్టు ఆగిపోకుండా చూడ్డానికే ఇన్నాళ్ళూ జీతం తీసుకున్నాను. ఆపడం ఎంతసేపు?"

అని లేచాడు. నేనూ లేచాను. కుర్చీ మా ఇద్దరి వెనకా తిరుగుతూనే ఉంది.

ఏప్రిల్ 24

లోకంలో అందరూ ఆగిన బండిని నడిపించడానికి తంటాలు పడతారు. మేము నడిచే బండిని ఆపడానికి పడుతున్నాం.

మూలకి విసిరేసిన పెడలు వెతికి తెచ్చి, కింద గట్టి స్ప్రింగు పెట్టి, దానికి ఒక వైరు కట్టాం. పెడలు ఎంత లోపలికి పోయిందో ఆ వైరు మోటారుకి చెబుతుంది. పూర్తిగా తొక్కితే మోటారు చేతులెత్తేస్తుంది, అప్పుడు గేరు మార్చుకోవచ్చు. మెల్లగా వదిలితే మెల్లగా పని మొదలుపెడుతుంది. గబుక్కున వదిలితే ఒక్క ఎగురు ఎగిరి చచ్చిపోవాలి. మళ్ళీ తాళం తిప్పితే గాని లేవకూడదు.

మొదటిసారి పెట్టినప్పుడు ఎలా వదిలినా చచ్చింది. రెండోసారి ఎలా వదిలినా చావలేదు. నేను డ్రైవరు సీట్లో కూర్చుని ఒకటే గోల: "ఇంకొంచెం మొండిగా ఉండాలి అన్నయ్యా! పాత పెట్రోలు బండికి ఉండే కక్ష దీనికి లేదు!" మా తోడల్లుడు కింద పడుకుని స్క్రూలు తిప్పుతూ, "కక్ష ఏ వైపు తిప్పితే పెరుగుతుందో చెప్పు మరి" అంటాడు. ఇలా తొక్కి చూడ్డానికి నేను వాడింది కుడికాలు. డాక్టరు చెప్పింది ఎడమకాలి గురించే.

మా ఆవిడ క్యారేజీ తెచ్చి గుమ్మంలో నిలబడి చూసింది. "ఆగని బండిని ఆగేట్టు చెయ్యడానికి ఇద్దరు పెద్దమనుషులు" అని నవ్వడం మొదలుపెట్టింది. మా వదినగారు కూడా వచ్చింది. ఇద్దరు అక్కచెల్లెళ్ళూ గోడకి ఆనుకుని కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వారు. మాకూ వచ్చింది. మా తోడల్లుడు బండి కిందే ఉండి నవ్వాడు, తల బండికి కొట్టుకుంది కూడా.

ఏప్రిల్ 27

హాఫ్ క్లచ్చు దగ్గర బండి వణకాలి. వణుకు తెలియకపోతే ఎక్కడ ఆపాలో కాలికి ఎలా తెలుస్తుంది? ఫోను వణుకుతుంది కదా, అలాంటిదే పెద్దది ఒకటి సీటు కింద బిగించాడు మా తోడల్లుడు. పెడలు సగానికి రాగానే సీటు గుర్రుమంటుంది. అద్భుతం!

ఇంజను చప్పుడు మాత్రం లేదు. గేరు ఎప్పుడు మార్చాలో చెవితో కదా తెలిసేది. ఆ పని నోటితో నేనే చేస్తానన్నాను. డుర్ర్ర్ర్, డుర్ర్ర్ర్ర్ర్, ఇక్కడ సెకండు. చేసి చూపిస్తే బాగుందన్నారు. మా తోడల్లుడు మాత్రం డీజిల్‌లా ఉందన్నాడు. వ్యాను డీజిల్‌దే కదా మరి.

నా వైపు క్లచ్చు పెట్టలేదు. దానికి వేరే వైరు లాగాలట, తర్వాత చూద్దామన్నాడు. నాకు బ్రేకు చాలు. నా మోకాలికి అసలు కావలసింది అదే కదా.

'మా బండి ఆగదు' అన్న బోర్డు మీద సున్నం పూయించాను. అబద్ధాలు నాకు గిట్టవు.

ఏప్రిల్ 29

నర్సమ్మతో పాఠం. నాలుగు రోడ్ల కూడలిలో బండి ఆగిపోయింది. నా స్కూలు బండి. నడిరోడ్డు మీద.

వెనక హారన్లు. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. నా ఎడమకాలు దానంతటదే లేచి కింద గట్టిగా తొక్కింది. అక్కడ ఏమీ లేదు, ఉత్త నేల. మళ్ళీ తొక్కింది. మోకాలు కలుక్కుమంది. ఆవిడ నా వైపు చూస్తోంది, నేను నా కాలి వైపు చూస్తున్నాను.

"ఇప్పుడేం చెయ్యాలి మాస్టారూ?"

ఆ ప్రశ్న ఇంతవరకు నన్నెవరూ అడగలేదు. నాకు వెంటనే జవాబు తోచలేదంటే ఎవరూ నమ్మరు. "క్లచ్చు తొక్కి, గేరు తీసేసి, తాళం తిప్పండి" అన్నాను చివరికి. తిప్పింది. కదిలింది. పది అడుగులు పోయి మళ్ళీ ఆగింది. పాలవాడొకడు సైకిలు దిగి మరీ చూశాడు.

ఏప్రిల్ 30

ఇవాళ చాలాసార్లు ఆగింది. నర్సమ్మ ఏడ్చింది, తాళం తిప్పింది. మళ్ళీ ఏడ్చింది, తిప్పింది. నేను డుర్ర్ర్ అనీ అనీ గొంతు బొంగురుపోయింది. మా ఆవిడ వేణ్ణీళ్ళిచ్చింది. నా కాలు నేలను తొక్కుతూనే ఉంది, దానికి ఇంకా బుద్ధి రాలేదు.

మే 5

ఇవాళ తక్కువ ఆగింది. నర్సమ్మ ఏడవలేదు. ఒకసారి లారీవాడు తల బయటపెట్టి ఏదో అన్నాడు. ఈవిడ తాళం తిప్పుతూనే, తల వెనక్కి తిప్పకుండానే, "ఆగవయ్యా బాబూ, చచ్చినదాన్ని లేపుతున్నాను" అంది. నర్సు కదా.

మే 11

ఎందుకో గాని ఈ బండి మీద త్వరగా వస్తోంది వీళ్ళకి. కొత్తగా చేరిన టైలరు కూడా వారంలో దారికొచ్చాడు. పాత బండి మీద ఒక్కొక్కరికి నెలలు పట్టేది. బ్యాటరీ మహిమ అయి ఉంటుంది. మోటారు తాపీగా లాగుతుంది కాబట్టి మెదడుకి విశ్రాంతి అనుకుంటాను. మా తోడల్లుడికి ఈ సిద్ధాంతం చెప్పాను. వాడు నన్ను ఎగాదిగా చూసి, "అయి ఉండొచ్చు" అన్నాడు.

మే 18

ఎల్లుండి టెస్టు. ఆసుపత్రి వాళ్ళ డీజిల్ వ్యాను మీదే. నా సీటు కింద వణుకు, నా నోటి డుర్రు, స్ప్రింగు పెట్టిన ఉత్తుత్తి క్లచ్చు. ఇవి నేర్చుకున్న కాలు అసలు క్లచ్చు మీద పని చేస్తుందా? నాకు తెలియదు. మా తోడల్లుడికీ తెలియదు. "లిఫ్టు బొమ్మ మీద నేర్చుకుని లిఫ్టు బాగు చెయ్యలేదా నేను?" అన్నాడు. "చేశావా?" అని అడిగాను. "లేదు" అన్నాడు.

మా బావమరిది ఎల్లుండి సాయంత్రం వస్తాడట. కుర్చీనీ నన్నూ కొట్టుకి చేర్చడానికి ఆటో మాట్లాడేశాడు.

మే 20

నర్సమ్మ పొద్దున్న ఆసుపత్రి ఆవరణలో వ్యాను ఒక్కసారి ముందుకీ వెనక్కీ నడిపిందట, అంతే. నేను, మా ఆవిడ, మా తోడల్లుడు టెస్టు మైదానం గోడ బయట నిలబడ్డాం. లోపలికి మాస్టార్లని రానివ్వరు. లైసెన్సు అధికారి ఆవిడ పక్కన ఎక్కి కూర్చున్నాడు.

వ్యాను కదిలింది. మలుపు బాగుంది. వెనక్కి పోవడం బాగుంది. ఎత్తు దగ్గరికి వచ్చింది. సగంలో ఆపమన్నట్టున్నాడు, ఆపింది. మళ్ళీ కదలబోయింది.

టక్కున ఆగిపోయింది.

మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. నా ఎడమకాలు గోడ పక్కన మట్టిని తొక్కింది, ఎంత గట్టిగా తొక్కిందంటే చెప్పు తెగింది. అయిపోయింది అనుకున్నాను. టైల్స్ కళ్ళ ముందు వరసగా పరుచుకున్నాయి. తెల్లవి, గీతలవి, స్నానాల గదివి.

లోపల మాత్రం ఏమీ అవలేదు. ఆవిడ బొమ్మలా ఉండిపోలేదు. హ్యాండ్ బ్రేకు లాగింది. గేరు తీసింది. తాళం తిప్పింది. వ్యాను ఒక్క దగ్గు దగ్గి, వణికి, ఎత్తు ఎక్కేసింది. పైకెళ్ళాక అధికారితో ఏదో అని నవ్వింది కూడా. ఆయన కాగితం మీద రాశాడు.

పాస్! పాస్! పాస్!

మా తోడల్లుడు నన్ను ఎత్తాడు. నేను వాణ్ణి ఎత్తబోయి మోకాలు గుర్తొచ్చి ఊరుకున్నాను. నర్సమ్మ పరుగెత్తుకొచ్చి నా చేతులు రెండూ పట్టుకుంది.

"భయపడ్డారా?" అన్నాను.

"ఎందుకు మాస్టారూ? మన బండి ఎన్నిసార్లు ఆగింది! ఆగితే ఏం చెయ్యాలో ఇప్పుడు తెలుసు కదా." ఆనందంలో ఇంకో మాట కూడా అనేసింది: "పాత బండిలో మీరెప్పుడూ ఆగనిచ్చేవారు కాదు."

నవ్వుతూనే అంది. మనసారా మెచ్చుకోవడానికే అంది. నేనూ నవ్వాను.

సాయంత్రం మా బావమరిది ఆటోతో వచ్చాడు. కుర్చీని ఉత్తినే పంపితే బాగోదని, మా ఆవిడ దాని మీద వాడినే కూర్చోబెట్టి, గిరగిరా రెండు చుట్లు తిప్పి, ఆటో ఎక్కించింది.

మే 21

ఏమీ రాయాలని లేదు. సంతోషంగానే ఉన్నాను.

మే 24

ఆసుపత్రి నుంచి అయిదుగురు నర్సులు చేరారు. స్కూలు నిండిపోయింది. మా ఆవిడ ఫోన్లు ఎత్తుతోంది, ఎవరిని ఎప్పుడు రమ్మనాలో చెబుతోంది. నాకంటే ఎక్కువ కేకలేస్తోంది కూడా.

మా తోడల్లుడు మధ్యాహ్నం చేతిలో వైరు చుట్టతో వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"తమ్ముడూ, నీ వైపు క్లచ్చుకి దారి దొరికింది. పెడలు కూడా అక్కర్లేదు. చేతి కింద చిన్న బటన్. వాళ్ళు గబుక్కున వదిలారనుకో, నువ్వు వేలితో నొక్కుతావు, బండి ఆగదు. మోకాలికి పనే లేదు! మళ్ళీ బోర్డు మీద 'మా బండి ఆగదు' అని రాయించుకోవచ్చు."

చాలా బాగుంది. అంత తెలివైన ఏర్పాటు నేను చూడలేదు. పైగా అది వాడు నా కోసం ఇష్టంగా ఆలోచించి చేసింది.

"వద్దన్నయ్యా" అన్నాను.

"ఎందుకొద్దు?"

ఆ వైరుతో మా ఇంటి కాలింగ్ బెల్లు బాగు చేయించాను. వాడికి కాఫీ ముందు ఇప్పించాను.

మే 26

ఇవాళ కొత్త నర్సుల్లో అందరికంటే చిన్నమ్మాయి మొదటి పాఠం. నాలుగు రోడ్ల కూడలిలోనే ఆగిపోయింది. ఆ చోటు మీద బండికి ఎంత ప్రేమో! వెనక ఒక బస్సు, దాని వెనక ఎన్నో నాకు కనిపించలేదు గాని వినిపించాయి. ఆ పిల్ల స్టీరింగు గట్టిగా పట్టుకుంది. "సార్, సార్" అంది.

ఏం చెయ్యాలో ఎక్కే ముందే చెప్పాను. ఆ పిల్లకి తెలుసు. నేను కాలు వెనక్కి మడుచుకుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చున్నాను. ఊరుకోవడం ఇంత కష్టమని నాకెవరూ చెప్పలేదు. క్లచ్చు తొక్కడమే నయం. ఒళ్ళంతా చెమట పట్టింది, లోపల మాత్రం నవ్వొస్తోంది.

"సార్!" అంది మళ్ళీ, నా వైపు తిరిగి.

నేను కిటికీలోంచి బయటికి చూశాను. బస్సు డ్రైవరు హారన్ మీద చెయ్యి తియ్యకుండా నన్నే చూస్తున్నాడు. తలూపి పలకరించాను. అంతలో నా పక్కన గేరు తీసిన చప్పుడు, తాళం తిరిగిన చప్పుడు వినిపించాయి.